గుండె లెక్కలో కొసరు

మనిషికి తన గుండె చప్పుడు ఎంతవరకు తెలుస్తుంది అన్నది నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. చెబితే ప్రేమకవిత్వంలా ఉంటుంది గానీ చేస్తే మహా మొద్దు పని. ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాలి. వేలికి క్లిప్పు తగిలించాలి. ఆ మనిషి మణికట్టు పట్టుకోకూడదు, గుండె మీద చెయ్యి వేసుకోకూడదు. నేను మొదలు అన్న దగ్గర్నుంచి చాలు అనేదాకా లోపల ఎన్నిసార్లు కొట్టుకున్నట్టు అనిపించిందో మనసులో లెక్కపెట్టుకుని చెప్పాలి. క్లిప్పు తీగ చివర ఉన్న పెట్టె అసలు లెక్క చూపిస్తుంది. రెండు లెక్కలూ దగ్గరగా ఉంటే ఆ మనిషికి తన గుండె తెలిసినట్టు, దూరంగా ఉంటే తెలియనట్టు. అంతే.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేయించిన మరుసటి ఏడాది సంగతి ఇది. వేసవి సెలవులకి ముందు మా సారు రెండు పెట్టెల్ని ఒక అట్టపెట్టెలో సర్ది ఇచ్చి, మీ ఏలూరు వైపు జనం నెమ్మదస్తులు కదా, కదలకుండా కూర్చుంటారు, అక్కడే కొలుచుకురా అన్నారు. ఆయన మా వైపు ఎప్పుడూ రాలేదని అప్పుడే అర్థమయింది. మావాళ్ళు నెమ్మదిగా మాట్లాడే మాట నిజమే. మాట్లాడకుండా మాత్రం కూర్చోలేరు.

ప్రాజెక్టు సంగతి ఒక ఎత్తు, మా నాన్నగారి మాత్రల సంగతి ఒక ఎత్తు. మాది దెందులూరు దగ్గర హైవే దిగి లోపలికి వెళ్ళే ఊరు. నాన్నగారు ఆ ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఒళ్ళంటే చెప్పినట్టు వినే పదో తరగతి కుర్రాడని ఆయన నమ్మకం. అంతకు ముందు ఏడాది మా చర్చిలో ఉచిత వైద్య శిబిరం పెడితే, మిగతావాళ్ళకి ధైర్యం చెప్పడానికని అందరికంటే ముందు చెయ్యి చాపి, బీపీ ఉందని చెప్పించుకుని ఇంటికొచ్చారు. ఏలూరులో డాక్టరుగారు రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు, మానకూడదన్నారు. నాన్నగారు కొన్నాళ్ళు వేసుకుని మానేశారు. బీపీ పెరిగితే నాకు తెలియదా, తెలిసిన రోజు వేసుకుంటాను అనేవారు. ఆ తెలిసే రోజు మాత్రం రాలేదు. మాత్రల అట్ట అలమారలో అలాగే పడి ఉండేది.

అమ్మ బతిమాలింది, అలిగింది, చివరికి బుధవారం గృహకూడికలో ప్రార్థన అంశంగా ఇచ్చేసింది. దాంతో ఊళ్ళో ఆడవాళ్ళంతా కళ్ళు మూసుకుని, డ్రిల్లు మాస్టారు మాత్రలు వేసుకునేలా మనసు మార్చమని దేవుణ్ణి అడగడం మొదలుపెట్టారు. మర్నాడు పాలు పోసే ఆవిడ దగ్గర్నుంచి పాస్టరుగారి భార్య దాకా ప్రతివాళ్ళూ, ఏమండీ మాస్టారూ, వేసుకున్నారాండీ అని అడుగుతుంటే ఆయనకి ఒళ్ళు మండిపోయింది. బీపీ లేకపోయినా మీ ప్రార్థనలతో తెప్పించేటట్టున్నారు అని అమ్మ మీద కేకలేశారు.

ఆయన కేకలకి నాకు నవ్వొచ్చేది గానీ లోపల భయంగానే ఉండేది. మా తాతగారు పొలం గట్టు మీద నుంచున్న మనిషి నుంచున్నట్టే కూలిపోయారు. పొద్దున్న ఎలా ఉంది అంటే, నాకేం, రాయిలా ఉన్నాను అన్నారట. నాన్నగారు కూడా అచ్చం అదే గొంతుతో అదే మాట అనేవారు. అందుకని నేనొకటి నిశ్చయించుకున్నాను. ఈయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఈయన గుండె సంగతి ఈయనకి తెలియదని ఈయన కళ్ళముందే తేల్చాలి. గుండె చప్పుడు వేరు, బీపీ వేరు అని నాకు తెలియక కాదు. రొమ్ములో కొట్టుకునే గుండే తెలియని మనిషికి కనపడని బీపీ ఎలా తెలుస్తుందండీ అని నిలదీయొచ్చు కదా. మార్కులంటారా, వస్తే వస్తాయి.

నాన్నగారు సరేనన్నారు, కానీ అందరి తర్వాత తానే అన్నారు. ముందు ఊళ్ళు తిరిగి నలుగురినీ చూసుకురా, తెలిసినవాడి గుండె ఎలా ఉంటుందో ఆఖర్న చూద్దువుగాని అని నన్ను పంపేశారు. నేను బస్సెక్కగానే విజిలుకి కట్టిన స్టాప్‌వాచీ తీసి, మణికట్టు పట్టుకుని సాధన మొదలుపెట్టారని అమ్మ ఫోన్లో చెప్పింది.

మొదట తాడేపల్లిగూడెంలో మావయ్యగారింటికి వెళ్ళాను. ఆయనది ధాన్యం కమీషన్ వ్యాపారం. కొట్టు ముందు బస్తాల మధ్య కుర్చీ వేసి, మావయ్యని, గుమస్తాలని, ధాన్యం తెచ్చిన రైతులని ఒక్కొక్కరినే కూర్చోబెట్టాను. మొదటి గుమస్తాగారికి మనసులో లెక్కపెట్టడం చేతకాలేదు. కుంచంతో ధాన్యం కొలిచి కొలిచి అలవాటైన మనిషి. నేను మొదలు అనగానే, లాభం, రెండు, మూడు, అంటూ రాగం తీశారు. ధాన్యం కొలతలో ఒకటి అనరు కదా, లాభం అంటారు. గుండె మొదటి దెబ్బకి కూడా లాభం అనే అన్నారు. పైకి అనకండి అంటే ఆయన పెదాలు బిగించుకున్నారు, కానీ కుంచం నింపి పోసే చెయ్యి మాత్రం ఒళ్ళో ఆడుతూనే ఉంది. గుండె ఆ చేతి వేగంతోనే కొట్టుకున్నట్టు లెక్క చెప్పారు.

అది పోనీ. సాయంత్రానికి చూసుకుంటే అందరి లెక్కా ఎక్కువే వచ్చింది. ఒక్కరు కూడా తక్కువ చెప్పలేదు. సారుకి ఫోన్ చేశాను. సాధారణంగా మనుషులు తమ గుండెని తక్కువగానే లెక్కపెడతారు, మొత్తం ఊరికి ఊరు ఎక్కువ చెప్పడం ఏమిటి, పెట్టె సరిగా ఉందా అన్నారు. పెట్టె బాగానే ఉంది. అన్నాల దగ్గర మావయ్యని అడిగాను. మీకు నిజంగా అన్నిసార్లు కొట్టుకున్నట్టు అనిపించిందా అని.

మావయ్య ముద్ద కలుపుతూ నావైపు జాలిగా చూశారు. "అనిపించినవాటి మీద ఓ నాలుగు కలిపానమ్మా. ఆడపిల్లవి, చదువు కోసం ఇంత దూరం వచ్చావు. నీ దగ్గర గీసి కొలుస్తామా?"

మిగతావాళ్ళ సంగతీ అంతే. కొలత అన్నాక కొసరు వేయాలి. అందులోనూ అడిగింది మనింటి పిల్ల. ఒక రైతు అయితే ఏకంగా పదిహేను కొసరు వేశారట. ఆయన పిల్లాడిది కూడా చదువుకునే వయసని మావయ్య నాకు వివరించారు. ఇంతమంది పెద్దమనుషుల దయకి నేను ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మర్నాడు అందరినీ మళ్ళీ కూర్చోబెట్టి, ఎక్కువ చెబితే నాకు మార్కులు తగ్గుతాయండీ అన్నాను. అంతే, అందరి గుండెలూ సగానికి సగం నెమ్మదించిపోయాయి. ఒకాయన లెక్క ప్రకారం ఆయన బతికి ఉండటానికే వీల్లేదు.

అక్కణ్ణుంచి కొల్లేటి లంకకి వెళ్ళాను. అమ్మ స్నేహితురాలు ఒకావిడ అక్కడ బళ్ళో టీచరు. ఆవిడ వరండాలోనే నా ప్రయోగశాల. వేలికి క్లిప్పు, పెట్టె మీద ఎర్ర అంకెలు, పక్కన కాగితం మీద రాసుకునే అమ్మాయి. ఇది చూస్తే ఆ లంకలో ఎవరికైనా ఏం తోస్తుంది? చెరువులు పోయినవాళ్ళకి నష్టపరిహారం లెక్క. పొద్దున్నే వరస కట్టారు. ఇది చదువు కోసమండీ, ప్రభుత్వానిది కాదండీ అని టీచరుగారు ఎంత చెప్పినా, అలాగేనండీ, అలాగేనండీ అని తల ఊపి వరసలోనే నుంచున్నారు.

వరస మొదట్లో ఉన్న పెద్దాయన తువ్వాలు భుజం మీంచి తీసి, గొంతు తగ్గించి అడిగారు. "ఎక్కువ కొట్టుకున్నోళ్ళకి ఇస్తారాండీ, తక్కువ కొట్టుకున్నోళ్ళకి ఇస్తారాండీ? ముందే చెబితే దాన్నిబట్టి కూర్చుంటామండీ."

ఎవరికీ ఏమీ ఇవ్వరండీ అన్నాను. ఆయన నా మాట నమ్మలేదు గానీ మర్యాదగా కూర్చున్నారు. కూర్చుని, గుండె సంగతి కావాలంటే గట్లు కొట్టేసిన రోజున రావాల్సిందండీ, మిషనక్కర్లేకుండానే గట్టు మీదకి వినపడేది అన్నారు. ఆ మాటకి వరసలో ఎవరూ నవ్వలేదు. నేను పెన్ను కింద పెట్టేశాను. టీచరుగారు అందరికీ మజ్జిగ ఇప్పించారు. ఆ తర్వాత మాత్రం వాళ్ళు నిజంగానే లెక్కపెట్టి చెప్పారు. కొసరూ వేయలేదు, కోతా వేయలేదు. నా ప్రాజెక్టులో పనికొచ్చిన లెక్కలన్నీ ఆ వరండాలోవే.

ఇంటికొచ్చేసరికి నాన్నగారు ఇస్త్రీ చేసినట్టు సిద్ధంగా ఉన్నారు. ఉక్కగా ఉందని బనీను మీదే ఉన్నారు గానీ కూర్చోవడం మాత్రం అటెన్షన్‌లో కూర్చున్నారు. అప్పటికి పని తొందరగా తెమలడానికి ఇద్దరిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రెండు పెట్టెలతో ఒకేసారి కొలుస్తున్నాను. నాన్నగారికి ఎదురుగా ఎవరు? పొయ్యి మీద పప్పు ఉందన్నా వినకుండా అమ్మని లాక్కొచ్చి కూర్చోబెట్టాను. అమ్మ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని వేలు చాపింది. పెట్టెలు రెండూ నావైపు తిప్పుకుని, మొదలు అన్నాను.

నాన్నగారు తొణకలేదు. కళ్ళు సగం మూసుకుని, కాలి బొటనవేలు మాత్రం కొంచెం కొంచెంగా ఆడిస్తున్నారు. మా బడి పిల్లల్ని రిపబ్లిక్ డే కవాతులో నడిపించే లెక్క అది, నాకు తెలుసు. నేను చాలు అనగానే యాభై నాలుగు అన్నారు. ఆయన పెట్టె చూశాను. యాభై రెండు. కొల్లేరు నుంచి గూడెం దాకా ఇంత దగ్గరగా చెప్పిన మనిషి ఒక్కరు లేరు. స్టాప్‌వాచీ సాధన ఫలించింది. నేను పెట్టె వంక మళ్ళీ మళ్ళీ చూడటంతో ఆయనకి విషయం అర్థమైపోయింది. చూశావా అని నాతో అనలేదు, అమ్మతో అన్నారు. ఊళ్ళో వాళ్ళకి కూడా చెప్పు, ఈ వారం నుంచి వేరే అంశం పెట్టుకోమని అన్నారు.

అమ్మ ముఖం చిన్నబోయింది. నేను ఆ అలమారలోని మాత్రల అట్టని తలుచుకున్నాను. ఆయన నోరు మూయించడానికి తెచ్చిన పెట్టె ఆయనకే సాక్ష్యం చెప్పింది. తెచ్చిందాన్ని నేనే. ఆ రోజు మా నాన్నగారి మీద వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. అమ్మని ఎంత అంటే యాభై మూడు అంది. ఆవిడ పెట్టె మీద నలభై ఎనిమిది. మావయ్య చెల్లెలు కదా, పుట్టింటి కొసరు అనుకున్నాను.

రెండోసారి మొదలుపెట్టబోతుంటే పక్కింటివాళ్ళ గేదె తాడు తెంపుకుని మా దడి తోసుకుని లోపలికొచ్చింది. నాన్నగారి ఆనపపాదు మీద పడింది. ఆయన క్లిప్పు పీకి పారేసి పెరట్లోకి పరుగెత్తారు. గేదెని దొడ్డి చుట్టూ తరిమారు. ఆ తర్వాత పక్కింటాయనకి, పశువుని కట్టుకోవడం చేతకానివాడు పెంచకూడదని, తాను పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోసి పెంచిన పాదని, ఇరవయ్యేళ్ళ పొరుగుతనానికి ఇదా ఫలితమని వరసగా వినిపించారు. పక్కింటాయన అలాగేనండీ, తప్పేనండీ అంటున్నకొద్దీ ఈయన గొంతు పెరిగింది. చివరికి వచ్చి కుర్చీలో కూర్చుని, ఊఁ, కానీ అన్నారు.

కాసేపు ఆగుదామా అన్నాను. ఎందుకు, నాకేమైంది, కోపం వచ్చిందనుకున్నావా, అదంతా వాడికి బుద్ధి చెప్పడానికి, లోపల నేను రాయిలా ఉన్నాను అన్నారు. సరేనని క్లిప్పు తగిలించి, మొదటిసారి ఎంతసేపు కొలిచానో రెండోసారీ అంతసేపే కొలిచాను. ఆ సంగతి ఇద్దరికీ చెప్పలేదు. బొటనవేలు మళ్ళీ అదే కవాతు తొక్కింది. చాలు అనగానే ఈసారి కూడా యాభై నాలుగే అన్నారు.

పెట్టె మీద డెబ్బై ఆరు ఉంది.

పెట్టె ఆయనవైపు తిప్పాను. నాన్నగారూ, మీ గుండె గేదె వెనకాల ఇంకా పరుగెడుతూనే ఉందండీ అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అంకెలు పైకి చదివారు. తీగ చూశారు, క్లిప్పు తిప్పి చూశారు. తర్వాత నింపాదిగా, ఇందాక పీకి పారేశాను కదా, అప్పుడు పాడైంది ఇది అన్నారు. మీ సారుకి చెప్పి బాగు చేయించు, అప్పుడు మళ్ళీ కొలుద్దాం అన్నారు. పారేసిన మాట నిజమే. పాడవలేదని నేనెలా చెప్పను? గెలిచిన ఆట కూడా చేజారిపోయిందనుకున్నాను.

"అది పాడవలేదండీ," అంది అమ్మ. "నాకూ డెబ్బై అయిదు వచ్చింది."

ఇద్దరం ఆవిడవైపు తిరిగాం. అమ్మ పెట్టె చూశాను. నలభై తొమ్మిది. నీది డెబ్బై అయిదు కొట్టుకోలేదమ్మా, ఇదిగో, ఈ డెబ్బై అయిదు ఎక్కణ్ణుంచి తెచ్చావు అని అడిగాను. అమ్మ హోంవర్కు చేయని పిల్లలా క్లిప్పు వైపు చూసుకుంది.

"నాది నాకేమీ తెలియలేదమ్మా. ఎంత కూర్చున్నా ఏమీ వినపడలేదు. ఊరికే కూర్చోవడం ఎందుకని మీ నాన్నగారిది లెక్కపెట్టాను. మెడ దగ్గర కనపడుతుంది కదా."

అప్పుడు చూశాను. బనీను పైన, గొంతుకి ఒక పక్కగా, సన్నగా ఒక నరం ఎగిరిపడుతూ ఉంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మెడ. ఆ నరాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. మొదటిసారి ఆవిడ చెప్పిన యాభై మూడు కూడా కొసరు కాదన్నమాట.

"నాది లెక్కపెట్టమని నీకెవరు చెప్పారు?" అన్నారు నాన్నగారు. డ్రిల్లు గొంతుతో మొదలుపెట్టారు గానీ చివరికి వచ్చేసరికి ఆ గొంతు లేదు.

"ఎవరూ చెప్పలేదండీ. మాత్రలు మానేశారు కదా, భయమేసేది. మీరు పేపరు చదువుకుంటుంటే ఎదురుగా కూరలు తరుక్కుంటూ చూసేదాన్ని. అలా అలవాటైపోయింది."

పెట్టెకి వంక పెట్టొచ్చు. పెట్టె చెప్పిన లెక్కే ఆవిడా చెబితే ఇక ఎవరికి వంక పెడతారు? ఆవిణ్ణి కూడా బాగు చేయించుకురమ్మని సారు దగ్గరికి పంపలేరు కదా. నాన్నగారు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. అలిసిపోయిన మనిషిలా కనిపించారు. నాకు గెలిచినట్టు ఏమాత్రం అనిపించలేదు. నేను ఆయన్ని ఓడించాలని బస్సులెక్కి జిల్లా అంతా తిరిగాను. ఆవిడ కూరలు తరుక్కుంటూ ఆయన్ని కాపలా కాసింది.

తర్వాత సారు నా లెక్కలు చూసి, అమ్మ పేరుకి ఎదురుగా ఉన్న రెండు అంకెలూ కొట్టేయమన్నారు. సూచనలు పాటించలేదు, తన గుండె చెప్పమంటే ఇంకొకరిది చెప్పింది, ఇది పనికిరాదు అన్నారు. శాస్త్రం ప్రకారం ఆయన అన్నదే సరి. కొట్టేశాను.

ఆ మధ్యాహ్నం మాత్రం నాన్నగారు లేచి లోపలికి వెళ్ళారు. అలమార తలుపు చప్పుడైంది. మాత్రని అట్టలోంచి నొక్కిన చప్పుడు కూడా వినపడింది. మంచినీళ్ళు అని కేకేస్తే నేను చెంబు తీసుకెళ్ళాను. మింగి, మూతి తుడుచుకుని, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. అమ్మ పప్పు మాడిపోతోందని లేవబోతే కూర్చోమన్నారు. ఆవిడ వేలికి క్లిప్పు ఇంకా అలాగే ఉంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ముందుకు వంగి, ఆవిడ మెడ వంక చూడటం మొదలుపెట్టారు. ఈ పక్క చూశారు, ఆ పక్క చూశారు. అమ్మ సిగ్గుపడి కొంగు లాక్కుంటే కదలకు అన్నారు.

"ఎక్కడుందే? నాకేమీ కనపడట్లేదు."

"కనపడుతుందండీ," అంది అమ్మ. "రోజూ చూస్తుంటే కనపడుతుంది."

నాన్నగారు కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకున్నారు. నన్ను మొదలు అనమన్నారు. చాలు అన్నాక ఆయన చెప్పిన లెక్క చాలా తప్పు. పెట్టె ఆయనకి చూపించలేదు.